వికటకవిని వెనుకనుంచి చదవడం: కంప్యూటర్ స్ట్రింగ్‌లో ‘ఒక అక్షరం’ చరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగు పాఠాన్ని కంప్యూటర్‌లో భద్రపరచడం, వెదకడం, లెక్కించడం నేటి సాహిత్య పరిశోధనలో నిత్యకృత్యాలు. పదసూచికలు, ప్రయోగాల పౌనఃపున్యం, ఛందోవిశ్లేషణ, పాఠాంతరాల పోలిక వంటి పనులన్నింటికీ ఆధారం ఒక్కటే. యంత్రం పాఠాన్ని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టగలగాలి. ఆ ‘ఒకటి’ అనేది ఏమిటి? వర్ణమా, అక్షరమా, లిపిచిహ్నమా, లేక యంత్రం తన సౌకర్యం కోసం ఏర్పరచుకొన్న మరొక ప్రమాణమా? ఈ ప్రశ్నకు సాఫ్ట్‌వేర్ రంగం మూడు దశాబ్దాలలో ఒకదాని తరువాత ఒకటిగా మూడు సమాధానాలు చెప్పింది. వాటి క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు జావా భాషలోని మార్చదగిన స్ట్రింగ్ క్లాసుల చరిత్రను ఉదాహరణగా తీసుకొంటున్నాను. వాటికి 2004లో యూనికోడ్‌ను గుర్తించే మెథడ్లు చేరాయి. ఆ చేర్పు అవసరమైనది, ఆలోచించి చేసినది. అయినా దానివల్ల తెలుగు పాఠం విషయంలో ఏ మార్పూ రాలేదు. కారణం తెలుగు లిపి సంక్లిష్టత కాదు. ఆ సంస్కరణ జవాబు చెప్పిన ప్రశ్న వేరు, తెలుగు అడిగే ప్రశ్న వేరు. ఈ భేదాన్ని గుర్తించకపోతే యంత్రం ఇచ్చే సంఖ్యలపై ఆధారపడిన పరిశోధన ఫలితాలు ప్రశ్నార్థకమవుతాయి.

మార్చదగిన స్ట్రింగ్ స్వభావం

ప్రోగ్రామింగ్‌లో స్ట్రింగ్ అంటే వరుసగా పేర్చిన పాఠసంకేతాల మాలిక. జావాలో దీనికి రెండు రూపాలున్నాయి. మొదటిది ఒకసారి ఏర్పడిన తరువాత మార్పు చెందనిది. దానిని చదవవచ్చు, దాని ఆధారంగా మరొకటి తయారు చేయవచ్చు. రెండవది మార్చదగినది. దానిలో నడుమ చేర్చవచ్చు, తొలగించవచ్చు, ఒకదాని స్థానంలో మరొకటి ఉంచవచ్చు, చివర కత్తిరించవచ్చు, మొత్తాన్ని తలకిందులు చేయవచ్చు.

ఈ రెండవ రూపం చేసే పని తాళపత్రాల కాలపు లేఖకుని పనివంటిది. విడిచిపోయిన అక్షరాన్ని చేర్చవలసివచ్చినప్పుడు లేఖకుడు హంసపాదం ఉంచేవాడు. ఆ గుర్తును రెండు అక్షరాల మధ్య ఉంచాలే గాని, ఒక అక్షరానికీ దాని గుడికీ మధ్య ఉంచకూడదని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. యంత్రానికి చెప్పాలి. చదివేటప్పుడు జరిగే పొరపాటు ఆ చదువుతోనే పోతుంది. దిద్దేటప్పుడు జరిగే పొరపాటు పాఠంలో నిలిచిపోతుంది. అందువల్ల ‘ఒక అక్షరం’ అంటే ఏమిటన్న ప్రశ్న మార్చదగిన స్ట్రింగ్ విషయంలోనే తీవ్రంగా ఎదురవుతుంది.

వర్ణం, అక్షరం, కోడ్ పాయింట్

మన శాస్త్రసంప్రదాయం ఈ ప్రశ్నను రెండు స్థాయులలో చర్చించింది. వ్యాకరణానికి ప్రమాణం వర్ణం. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంస్కృతానికి ఏబది, ప్రాకృతానికి నలుబది, తెనుగునకు ముప్పదియారు అని లెక్కించినవి వర్ణాలు. ఛందస్సుకు ప్రమాణం అక్షరం. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21, శార్దూలానికి 19 అన్నప్పుడు లెక్కించేది ఉచ్చారణలో ఒక్క ఊపున పలికే ప్రమాణాన్ని.

యూనికోడ్ ఈ రెండింటినీ కాక మూడవదానిని ఎన్నుకొన్నది. అది ప్రతి లిపిచిహ్నానికి ఒక సంఖ్యను కేటాయిస్తుంది. ఆ సంఖ్యాస్థానమే కోడ్ పాయింట్. ‘క’ ఒక కోడ్ పాయింట్. కాని వ్యాకరణం దృష్టిలో అందులో క్, అ అనే రెండు వర్ణాలున్నాయి. ‘క్’ ఒక వర్ణం. కాని యూనికోడ్‌లో అది ‘క’, పొల్లు అనే రెండు కోడ్ పాయింట్లు. అంటే హల్లును అకారసహితంగా గ్రహించి, పొల్లు చేర్చి అకారాన్ని తొలగించడం ఇక్కడి పద్ధతి. చేర్చితే తగ్గుతుంది. బ్రాహ్మీ లిపి సంతతి అంతటా కనిపించే రాతపద్ధతి ఇదే.

‘స్త్రీ’ అనే మాటను తీసుకొందాం. వ్యాకరణం దృష్టిలో ఇది స్, త్, ర్, ఈ అనే నాలుగు వర్ణాలు. ఛందస్సు దృష్టిలో ఒకే అక్షరం. యూనికోడ్ దృష్టిలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు కోడ్ పాయింట్లు. యుటిఎఫ్-8 పద్ధతిలో దాచితే 18 బైట్లు. ఒకే మాటకు నాలుగు లెక్కలు, నాలుగూ తమతమ పరిధిలో సరైనవే. ఏ లెక్క ఎక్కడ వాడాలన్నదే సమస్య.

ఇస్కీ నుంచి యూనికోడ్ వరకు

ఈ సంకేతవ్యవస్థ తెలుగుకు ఇస్కీ ద్వారా సంక్రమించింది. భారతీయ లిపులను కంప్యూటర్‌లో వాడడానికి 1980 దశకంలో రూపొందిన ఈ ప్రమాణం 1988లో ఒక రూపాన్ని సంతరించుకొని, 1991లో ఐ.ఎస్. 13194 పేరుతో భారత ప్రమాణంగా స్థిరపడింది. బ్రాహ్మీ సంతతి లిపులన్నింటికీ ఒకే అమరికను అనుసరించడం దాని విశిష్టత. దేవనాగరి ‘క’ ఏ స్థానంలో ఉన్నదో తెలుగు ‘క’ కూడా అదే స్థానంలో ఉంటుంది. లిపి మారినా సంకేతం మారదు.

1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణం 1988 ఇస్కీ అమరికను స్వీకరించి, దేవనాగరి మొదలు మలయాళం వరకు తొమ్మిది లిపులకు ఒక్కొక్కదానికి 128 స్థానాల చొప్పున కేటాయించింది. దశాంశ సంఖ్యలలో చెప్పితే 3072 నుంచి 3199 వరకు తెలుగు స్థానాలు. మొదట ఖాళీగా విడిచిన కొన్ని స్థానాలు తరువాత నిండాయి. 2008లో దంత్య చకార జకారాలు, అవగ్రహం, పూర్వపు భిన్నాంకాలు చేరాయి. 2021లో నకారపొల్లు చేరింది. కొత్త చిహ్నాలు వచ్చినా, లిపిచిహ్నానికి ఒక సంఖ్య అనే మూలసూత్రం మాత్రం మారలేదు.

పదహారు బిట్ల నమ్మకం

యూనికోడ్ తొలినాటి ఆలోచనలో ప్రపంచ లిపులన్నీ 65,536 స్థానాలలో ఇముడుతాయి. అంటే ఏ చిహ్నానికైనా 16 బిట్లు చాలు. ఆ నమ్మకం బలంగా ఉన్న కాలంలోనే, 1996 జనవరిలో, జావా మొదటి రూపం విడుదలైంది. అందులో పాఠానికి మూలప్రమాణం ‘చార్’. దాని వెడల్పు 16 బిట్లు. మార్చదగిన స్ట్రింగ్ క్లాస్ పేరు స్ట్రింగ్‌బఫర్. ఐదవ స్థానంలో ఉన్నదాన్ని తొలగించు అంటే ఐదవ చార్ తొలగిపోతుంది. తలకిందులు చేయి అంటే చార్‌లు చివరినుంచి మొదటికి వస్తాయి.

ఆనాటి దృష్టిలో ఈ ఏర్పాటు ఉదారమైనదే. అంతకుముందు ప్రాచుర్యంలో ఉన్న ఆస్కీలో 128 స్థానాలే ఉండేవి. ఇంగ్లీషుకు తప్ప మరొక భాషకు అందులో చోటు దాదాపుగా లేదు. మన ముద్రణరంగంలో వాడిన తెలుగు ఫాంట్లు ఒక్కొక్కటి తన సొంత సంకేతాలతో నడిచేవి. ఒక ఫాంట్‌లో కూర్చిన పాఠం మరొక ఫాంట్‌లో అర్థంకాని గుర్తులుగా మారేది. ఆ స్థితినుంచి చూస్తే, ప్రతి తెలుగు చిహ్నానికి స్థిరమైన సంఖ్యను గుర్తించే భాష రావడం పెద్ద ముందడుగు.

అయితే ఆ ప్రమాణానికి పెట్టిన పేరులోనే చిక్కు ఉంది. ‘చార్’ అన్న పేరు ‘అక్షరం’ అన్న అర్థాన్ని సూచిస్తుంది. నిజానికి అది 16 బిట్ల గడి మాత్రమే. గడికీ అక్షరానికీ ఉన్న దూరం ఇంగ్లీషులో సాధారణంగా బయటపడదు. తెలుగులో రెండవ మాటకే బయటపడుతుంది.

2004 సంస్కరణ

16 బిట్ల నమ్మకం త్వరలోనే సడలింది. 1996 జులైలో వచ్చిన యూనికోడ్ 2.0 సరగేట్ జంట అనే ఏర్పాటును ప్రవేశపెట్టింది. 65,536 స్థానాలలో 2,048 స్థానాలను ప్రత్యేకించి, వాటిలో ఎగువ సగం నుంచి ఒకటి, దిగువ సగం నుంచి ఒకటి కలిపి జంటగా వాడితే, ఒక్కొక్క జంట కొత్త కోడ్ పాయింట్‌ను సూచిస్తుంది. ఆ విధంగా మరి 10,48,576 స్థానాలు ఏర్పడి మొత్తం 11,14,112 అయింది. 2001 మార్చిలో వచ్చిన 3.1 రూపం ఈ అనుబంధ స్థానాలలో మొదటిసారిగా చిహ్నాలను ఉంచింది. ఒక్క చైనా తరహా లిపిచిహ్నాలే వాటిలో 42,711. చైనా 2000లో ప్రకటించిన జి.బి. 18030 ప్రమాణం కూడా ఈ విస్తృత పరిధిని నిర్వహించవలసిన అవసరాన్ని పెంచింది.

ఇప్పుడు జావా ముందున్న ప్రశ్న: ఒక చిహ్నం రెండు చార్‌లను ఆక్రమిస్తే పాత మెథడ్ల గతి ఏమిటి? ఒక చార్‌ను తొలగించమంటే సగం చిహ్నం మిగులుతుంది. దీని పరిష్కారానికి జె.ఎస్.ఆర్. 204 అనే సంఖ్యతో ఒక నిపుణుల బృందం ఏర్పడింది. చార్ వెడల్పును 32 బిట్లకు పెంచడం ఒక మార్గం. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాములు దానివల్ల దెబ్బతింటాయి. చార్‌కు తోడుగా 32 బిట్ల కొత్త రకాన్ని సృష్టించడం మరొక మార్గం. బృందం ఈ రెండింటినీ కాదని, చార్‌ను యథాతథంగా ఉంచి, కోడ్ పాయింట్‌ను మామూలు పూర్ణాంకంగా అందించే మెథడ్లను పక్కన చేర్చే మార్గాన్ని ఎన్నుకొన్నది.

ఆ నిర్ణయం 2004 సెప్టెంబరులో వచ్చిన జావా 5.0లో అమలైంది. స్ట్రింగ్‌బఫర్‌కు, అప్పుడే కొత్తగా వచ్చిన స్ట్రింగ్‌బిల్డర్‌కు ఒక స్థానంలోని కోడ్ పాయింట్‌ను చెప్పే మెథడ్, దానికి ముందున్నదాన్ని చెప్పే మెథడ్, రెండు స్థానాల మధ్య ఎన్ని కోడ్ పాయింట్లున్నాయో లెక్కించే మెథడ్, ఇన్ని కోడ్ పాయింట్లు ముందుకు జరిగితే ఏ స్థానం వస్తుందో చెప్పే మెథడ్, చివర ఒక కోడ్ పాయింట్‌ను చేర్చే మెథడ్ వచ్చాయి. తలకిందులు చేసే ‘రివర్స్’ మెథడ్ సరగేట్ జంటను విడదీయకుండా ఒకటిగా చూడసాగింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, స్థానాలను లెక్కించే పద్ధతి మారలేదు. కోడ్ పాయింట్‌ను అడిగే మెథడ్‌కు కూడా చార్ స్థానాన్నే చెప్పాలి. రెండు, పాత మెథడ్లలో ఒక్కటీ తొలగిపోలేదు. ఒక చార్‌ను తొలగించే మెథడ్ వివరణలో, అక్కడ ఉన్నది అనుబంధ చిహ్నమైతే పూర్తిగా తొలగదని నిర్మాతలే స్పష్టంగా పేర్కొన్నారు. అంటే ఒకే క్లాస్‌లో రెండు లెక్కలు పక్కపక్కన కాపురం చేయసాగాయి. పాతవారికి ఇబ్బంది లేకుండా కొత్తవారికి చోటిచ్చే ఈ నేర్పు ప్రశంసార్హమే.

తెలుగుకు ఏమి ఒరిగింది?

తెలుగు చిహ్నాలన్నీ మొదటి 65,536 స్థానాలలోనే ఉన్నాయి. వాటిలో దేనికీ సరగేట్ జంట అవసరం లేదు. అందువల్ల తెలుగు పాఠంలో ఒక చార్ అంటే సరిగ్గా ఒక కోడ్ పాయింట్. 2004కు ముందు ఎంత లెక్క వచ్చేదో తరువాతా అంతే వస్తుంది. ‘స్త్రీ’ పొడవు పాత మెథడ్‌కు ఆరు. కొత్త మెథడ్‌కూ ఆరే.

‘వికటకవి’ అన్న మాటతో దీనిని పరీక్షించవచ్చు. తెనాలి రామకృష్ణుని గురించిన కథలలో వినిపించే ఈ బిరుదు ఎటునుంచి చదివినా ఒకటే. మన చిత్రకవులు అనులోమ విలోమాలుగా రచించిన పద్యాలకు ఆధారమైన సూత్రం ఇందులో సూక్ష్మంగా ఉంది. వి, క, ట, క, వి అనే ఐదు అక్షరాలను చివరినుంచి చదివినా వి, క, ట, క, వి అనే వస్తుంది. తిరగబడేది అక్షరం, అక్షరంలోని వర్ణాలు తిరగబడవు.

స్ట్రింగ్‌బిల్డర్‌కు ఈ మాట ఏడు కోడ్ పాయింట్ల వరుస: వ, గుడి, క, ట, క, వ, గుడి. రివర్స్ చేయమంటే గుడి, వ, క, ట, క, గుడి, వ అని వస్తుంది. మొదటి గుడికి ఆధారమైన హల్లు లేదు. రెండవ గుడి వకారాన్ని విడిచి దాని పక్కనున్న కకారాన్ని ఆశ్రయిస్తుంది. తెరపై కనిపించేది ఆధారం లేని ఒక గుడి, ఆ తరువాత ‘వకటకివ’. తెలుగువారు తరతరాలుగా విలోమానికి ఉదాహరణగా చెప్పుకొన్న మాట విలోమం కాదని యంత్రం తీర్పు చెబుతుంది. సరగేట్ జంట విడిపోకుండా 2004లో రివర్స్ మెథడ్‌కు నేర్పిన జాగ్రత్త, హల్లునూ దాని గుణింతపు గుర్తునూ కలిపి ఉంచడానికి విస్తరించలేదు.

కత్తిరింపులోనూ ఇదే చిక్కు. ‘అమ్మ’ నాలుగు కోడ్ పాయింట్లు. పొడవును మూడుకు కుదిస్తే ‘అమ్’ మిగులుతుంది. చిహ్నం ఏదీ చెడలేదు గనుక యంత్రం దృష్టిలో తప్పు జరగలేదు. మాట మాత్రం పోయింది. కనిపించే రూపం ఒకటే అయినా సంకేతాలు వేరుకావడం మరొక చిక్కు. ఐత్వాన్ని ఒకే కోడ్ పాయింట్‌గా రాయవచ్చు. ఎత్వానికి ఐత్వపు కింది గుర్తును జోడించి రెండుగానూ రాయవచ్చు. యూనికోడ్ ఈ రెండింటినీ సమానమని ప్రకటించింది. కాని చార్‌లను వరుసగా పోల్చే మెథడ్‌కు ఆ రెండు ‘కై’లు వేర్వేరు. వీటిని ఏకరూపానికి తెచ్చే సాధనం జావాలో 2006లో వచ్చిన ఆరవ రూపంలో బహిరంగంగా అందుబాటులోకి వచ్చింది. అదీ స్ట్రింగ్ క్లాస్‌కు వెలుపలనే.

2023 నాటి సమాధానం

పాఠకుడు ఒకటిగా భావించేదానిని గుర్తించే నియమాలను యూనికోడ్ తన 29వ అనుబంధంలో ప్రత్యేకంగా నిర్వచించింది. ఈ ప్రమాణాన్ని ఇక్కడ లిపిగుచ్ఛం అని వ్యవహరిస్తాను. 2008లో వచ్చిన 5.1 రూపం దీని పరిధిని విస్తరించింది. దాని ప్రకారం ‘కి’, ‘సం’ ఒక్కొక్క గుచ్ఛం. వికటకవి ఐదు గుచ్ఛాలు. గుచ్ఛాల వారీగా తిప్పితే మాట చెడదు. కాని సంయుక్తాక్షరాల దగ్గర నియమం ఆగిపోయింది. పొల్లు తరువాత గుచ్ఛం ముగుస్తుంది. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం స్, త్, రీ అనే మూడు గుచ్ఛాలయింది.

ఈ లోటును 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 తీర్చింది. పొల్లుతో కలిసిన హల్లుల వరుసను విడదీయరాదన్న నియమాన్ని అది ఆరు లిపులకు వర్తింపజేసింది: దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం. మన లిపికి సోదరియైన కన్నడం ఆ జాబితాలో లేదు. దీనితో ‘స్త్రీ’ ఒకే గుచ్ఛమైంది. తెలుగుకు స్థానాలు కేటాయించిన 1991 నుంచి లెక్కిస్తే, తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకటిగా గుర్తించే సామాన్య నియమం రావడానికి 32 ఏళ్లు పట్టింది.

జావాలో గుచ్ఛపు సరిహద్దులను చూపే పని స్ట్రింగ్‌బిల్డర్‌ది కాదు; 1997 నుంచి ఉన్న బ్రేక్‌ఇటరేటర్ అనే వేరొక క్లాస్‌ది. అది యూనికోడ్ విస్తృత గుచ్ఛ నియమాలకు అనుగుణంగా మారినది 2023 మార్చిలో వచ్చిన 20వ రూపంలో. ఇందుకు భిన్నంగా 2014లో వెలువడిన స్విఫ్ట్ భాష గుచ్ఛాన్నే ‘క్యారెక్టర్’ అని పిలిచి, స్ట్రింగ్‌ను ఆ ప్రమాణంతోనే నిర్మించింది. పాత ప్రోగ్రాముల భారం లేని భాషకు అది సాధ్యమైంది.

జావా మార్గాన్ని సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. గుచ్ఛ నియమాలు యూనికోడ్ రూపంతోపాటు మారుతాయి. 2022లో మూడని చెప్పిన ప్రోగ్రాము 2024లో ఒకటని చెబితే, ఆ లెక్కపై ఆధారపడిన పనులు తారుమారవుతాయి. స్థిరమైన అడుగుపొరను స్ట్రింగ్ క్లాస్‌లో ఉంచి, భాషాజ్ఞానం అవసరమైన పనిని వేరొక పొరకు అప్పగించడం న్యాయమే. లోపం పొరల విభజనలో లేదు. అడుగుపొరకు ‘అక్షరం’ అన్న పేరు పెట్టడంలో, అదే చాలునని వాడుకరులు నమ్మడంలో ఉంది.

ఛందస్సు అడిగే ప్రశ్న

2023 నియమంతో తెలుగు అక్షరం యంత్రానికి పూర్తిగా పట్టుబడిందా? లేదనే చెప్పాలి. ‘వచ్చెన్’ అన్న రూపాన్ని చూద్దాం. గుచ్ఛ నియమం ప్రకారం వ, చ్చె, న్ అని మూడు. ఛందస్సులో చివరి పొల్లు తన ముందరి అక్షరంలో చేరిపోతుంది. అక్షరాలు రెండే, రెండూ గురువులు. పాదాంతంలో పొల్లున్న ఉత్పలమాలను గుచ్ఛాలతో లెక్కిస్తే 20కి బదులు 21 వస్తుంది. యంత్రం గణభంగమని చెబుతుంది.

ప్రాస పరీక్షకు మరొకటి కావాలి. ప్రాసలో రెండవ అక్షరపు హల్లు సరిపోవాలి. అచ్చు ఏదైనా కావచ్చు. అంటే పాదాన్ని అక్షరాలుగా విభజించిన తరువాత, అక్షరంలోపలికి వెళ్ళి వర్ణాలను చూడాలి. యతి విషయంలో అచ్చుల మైత్రినీ హల్లుల మైత్రినీ కూడా పరిశీలించాలి. కాబట్టి ఒక్క పద్యపాదాన్ని పరీక్షించడానికే కోడ్ పాయింట్, గుచ్ఛం, ఛందోక్షరం, వర్ణం అనే నాలుగు స్థాయుల మధ్య ఎక్కుతూ దిగుతూ ఉండాలి. మొదటి రెండింటినీ యూనికోడ్ నిర్వచించింది. తక్కిన రెండింటినీ నిర్వచించి యంత్రానికి నేర్పవలసిన బాధ్యత తెలుగు శాస్త్రాలు తెలిసినవారిది.

ముగింపు

ఈ చరిత్రనుంచి రెండు నిర్ణయాలు చేయవచ్చు. మొదటిది, స్ట్రింగ్ క్లాసులు మారిన ప్రతిసారీ ఆ మార్పును నడిపినది యంత్రం దృష్టిలో బాహాటంగా విరిగిన పాఠం. చైనా చిహ్నం రెండు ముక్కలైతే రెండు ముక్కలూ అర్థరహితం, లోపం దాగదు. తెలుగు అక్షరం విడిపోతే ప్రతి ముక్కా చెల్లుబాటయ్యే చిహ్నమే. లోపం యంత్రానికి తెలియదు, తెలుగు చదివినవారికే తెలుస్తుంది. తెలుగు మొదటి 65,536 స్థానాలలో చోటు సంపాదించడం ఒక అదృష్టం. ఆ అదృష్టమే తెలుగు సమస్యను చాలాకాలం కనబడనీయలేదు.

రెండవది పరిశోధకులకు సంబంధించినది. ఒక కావ్యంలో ఇన్ని అక్షరాలున్నాయని, ఒక కవి పదాల సగటు నిడివి ఇంత అని, ఒక అక్షరం ఇన్నిసార్లు ప్రయుక్తమైందని ప్రకటించే వ్యాసం, లెక్కించిన ప్రమాణం ఏదో చెప్పాలి: కోడ్ పాయింటా, గుచ్ఛమా, ఛందోక్షరమా, వర్ణమా. గుచ్ఛమైతే యూనికోడ్ ఏ రూపపు నియమమో చెప్పాలి. లెక్కకు ముందు పాఠాన్ని ఏకరూపానికి తెచ్చారా లేదా అన్నది కూడా చెప్పాలి. ప్రతుల సాంకేతాలను వివరించకుండా పాఠాంతరాలను చూపే పరిష్కరణను మనం అంగీకరించం. సంఖ్యల విషయంలోనూ అదే క్రమశిక్షణ అవసరం. వికటకవి ఐదా, ఏడా, పదా అని అడిగితే మూడూ సరైనవే: ఐదు అక్షరాలు, ఏడు కోడ్ పాయింట్లు, పది వర్ణాలు. ఏది అడుగుతున్నామో తెలిసినప్పుడే ఆ సంఖ్యలలో ఒకటి సమాధానమవుతుంది.